ఆయుధ పూజకు రావాల్సిన బండి

బండి బుక్ చేసింది 2025 సెప్టెంబర్ 6న. ఇది రాస్తున్నది నవంబర్ 19, బుధవారం సాయంత్రం. బండి కింద పార్కింగులో ఉంది, మొదటి సర్వీసు గొడవ ఇవాళ పొద్దునే తెమిలింది. ఏ రోజు ఎవరేం చెప్పారో ఫోన్‌లో రాసిపెట్టుకునే అలవాటు నాకుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మరి, తప్పులు రాసిపెట్టుకోవడానికే జీతమిస్తారు. షోరూం పేరూ, కంపెనీ పేరూ చెప్పను. 350 సీసీ లోపు బైకు అని మాత్రం చెప్తాను, ఎందుకంటే కథ మొదలైందే ఆ అంకె దగ్గర.

సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించింది, 22వ తేదీ నుంచి అమలు. 350 దాటితే 40 శాతం. నేను చూసుకున్న బండి ఆ గీతకు ఇవతలే ఉంది. అప్పటికి నాలుగేళ్లుగా ఆఫీసు క్యాబ్, లేదంటే ఇక్కడ బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి కింద ఆటోవాళ్లతో బేరం. ఇక కొనేద్దామని ప్రొద్దుటూరుకి ఫోన్ చేశాను. అమ్మకి జీఎస్టీతో పని లేదు. "ఆదివారం గ్రహణం, ఆ వెంటనే మహాలయ పక్షాలు. అమావాస్య పోయేదాకా బండి ఇంటికి తేవొద్దు. అడ్వాన్స్ ఇచ్చేదుంటే శనివారమే ఇచ్చేయ్" అంది. అమావాస్య 21న. పన్ను తగ్గేది 22న. కేంద్ర ప్రభుత్వమూ మా అమ్మా ఒకే తేదీ మీదికి రావడం నాకు తెలిసి అదే మొదటిసారి.

శనివారం టెస్ట్ రైడ్‌కి వెళ్లాను. డీలర్‌షిప్‌లో నన్ను పట్టుకున్న సేల్స్ అబ్బాయిది బాగేపల్లి. ఊరు కర్ణాటకే అయినా ఇంట్లో తెలుగే. నా ఆధార్ మీద ప్రొద్దుటూరు చూడగానే "మన పక్కే కదన్నా" అన్నాడు. అంతే, నేను సగం పడిపోయాను. కాఫీ ఇచ్చాడు, మూడు రంగులు బయటికి తీయించి ఎండలో పెట్టి చూపించాడు, బండి ఎక్కితే కాళ్లు పూర్తిగా ఆనుతున్నాయా లేదా అని కింద కూర్చుని మరీ చూశాడు. టెస్ట్ రైడ్ మాత్రం సర్వీస్ రోడ్డు మీద కిలోమీటరున్నర. మూడో గేరు దాటలేదు. అయిదు వేలు కట్టాను. "అక్టోబర్ ఒకటి ఆయుధ పూజన్నా. ఆ రోజు పొద్దున బండి మీ ఇంటి ముందుంటుంది. నాది పూచీ" అన్నాడు. రసీదు మీద ఆ తేదీ రాయమన్నాను. "అవసరం లేదన్నా, నేనున్నా కదా" అన్నాడు. నేను రాయించుకోలేదు.

22న అతను ఫోన్ ఎత్తలేదు. 23న వెళ్తే షోరూం లోపల కాలు పెట్టే సందు లేదు, అందరం తగ్గిన రేటు కోసం వచ్చినవాళ్లమే. నా చేతిలో పెట్టిన ఆన్‌రోడ్ కాగితం ఇదీ:

ఎక్స్ షోరూం లక్షా 89 వేలు. అంతకుముందు 2 లక్షల 5 వేలు. పన్ను పది శాతం తగ్గిందంటే ఇరవై వేలు తగ్గుతుందనుకున్నాను. కానీ వంద రూపాయల సరుకు పన్నుతో కలిపి 128 ఉన్నది 118 అవుతుంది, అంటే తగ్గేది ఏడు పాయింట్ ఎనిమిది శాతమే, 16 వేలు. రోడ్ ట్యాక్స్, దాని మీద సెస్సు కలిపి 38 వేలు. కర్ణాటకలో లక్ష దాటిన టూవీలర్‌కి లైఫ్ ట్యాక్స్ 18 శాతం. ఊరిలో కొన్న మా బావ ఈ అంకె వినగానే నవ్వాడు. ఇన్సూరెన్స్ 17,800. ఎక్స్‌టెండెడ్ వారంటీ 3,200. రిజిస్ట్రేషన్, స్మార్ట్ కార్డు 1,600. 'ఎసెన్షియల్ కిట్' 6,400. టెఫ్లాన్ కోటింగ్ 1,900. హ్యాండ్లింగ్ చార్జీలు 2,500. మొత్తం 2,60,400.

హ్యాండ్లింగ్ అంటే ఏంటని అడిగాను. "గోడౌన్ నుంచి తెస్తాం కదన్నా" అన్నాడు. బండి అమ్మే కొట్టుకి బండి తెచ్చుకునే ఖర్చు నేనెందుకివ్వాలో అర్థం కాలేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఇది మామూలేనా అని కనుక్కుంటానన్నాను, కోపంగా కాదు, నిజంగానే. అతను లోపలికెళ్లి రెండు నిమిషాల్లో వచ్చి ఆ లైను పెన్నుతో కొట్టేశాడు. కిట్‌లో హెల్మెట్ కూడా ఉంది. కొత్త టూవీలర్‌తో ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాల్సింది కంపెనీయే, మోటారు వాహనాల రూల్స్‌లోనే ఉంది. అది చెప్తే వెనక బీరువాలోంచి ఒకటి తీసిచ్చాడు. అంటే అక్కడ ఉన్నదే, అడిగితే వచ్చేదే. కిట్‌లో క్రాష్ గార్డు ఒక్కటి ఉంచుకున్నాను, 2,800. టెఫ్లాన్ వద్దన్నాను.

ఇన్సూరెన్స్ దగ్గర గంట పట్టింది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల వేరేవాళ్లకయ్యే నష్టానికి) తప్పనిసరి, 150 నుంచి 350 సీసీ వాటికి దాని ప్రీమియం 7,365 అని ఫిక్స్. ఎక్కడ కొన్నా అదే. తేడా అంతా మిగతా దాంట్లోనే, మన బండికయ్యే నష్టానికి తీసుకునే ఏడాది ఓన్ డ్యామేజ్‌లోనూ యాడ్ ఆన్‌లలోనూ. అదే కవరేజీ ఆన్‌లైన్‌లో 12,400 చూపిస్తోంది. "బయట తీసుకుంటే రిజిస్ట్రేషన్ లేటవుద్దన్నా, క్యాష్‌లెస్ కూడా రాదు" అని భయపెట్టాడు. ఫోన్ స్క్రీన్ చూపించి, అయితే లేటే కానివ్వమన్నాను. 13,200కి దిగాడు. ఎనిమిది వందల కోసం ఇంక లాగలేదు, ఆకలేస్తోంది. చివరికి తేలింది 2,47,800.

డబ్బులకన్నా నన్ను ఎక్కువ తిప్పింది అడ్రస్. ఆధార్‌లో ప్రొద్దుటూరు ఉంది కాబట్టి ఇక్కడి చిరునామాకు రెంటల్ అగ్రిమెంట్ కావాలన్నారు. నాది ఆగస్టులోనే అయిపోయింది, ఓనరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. 24న ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, ఈ-స్టాంపు పేపరు మీద టైపు చేయించి, ఓనర్ ఆంటీ సంతకం కోసం ఆమె పూజ అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాను. నవరాత్రులు కదా, పూజ పెద్దది. అయిదు వందలు ఖర్చు. బుక్ చేసిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే రెండు వారాల్లో ఎప్పుడో చేసుకునేవాణ్ణి.

డబ్బు కట్టడంలో ఇంకో చిక్కు. యూపీఐలో నా బ్యాంకు రోజుకి లక్షే పంపనిస్తుంది. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త అకౌంట్ కలిపితే మొదటి 24 గంటలు యాభై వేలే. 25న కొంత, 26న మిగతాది పంపాను.

26న మొత్తం డబ్బు చేరినట్టు మెసేజ్ వచ్చింది. 27న ఫోన్ చేస్తే అదే అబ్బాయి, అదే గొంతు. "సార్, చాసిస్ నంబర్ ఇంకా అలాట్ కాలేదు సార్." చాసిస్ నంబర్ అంటే బండి ఫ్రేము మీద కొట్టి ఉండే నంబర్, అంటే నాకింకా ఫలానా బండి అని కేటాయించలేదన్నమాట. అన్న కాస్తా సార్ అయ్యాడు. తెలుగు కూడా సగం ఇంగ్లీషైపోయింది. మొదట నేనే ఏదో తేడాగా మాట్లాడానేమో అనుకున్నాను. తర్వాత కౌంటర్ దగ్గర నిలబడి గమనిస్తే, కొనబోయేవాళ్లందరూ అన్నలూ అక్కలూ, కట్టేసినవాళ్లందరం సార్లూ మేడమ్‌లూ.

29, సోమవారం. చాసిస్ నంబర్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్‌కి పంపొద్దని చెప్పి యార్డుకి వెళ్లాను. షోరూం వెనక వీధిలో రేకుల షెడ్డు, సగం బండ్లు లోపల, సగం బయట ఎండలో. నాదని చూపించింది బయటిది. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఎండకి పెళుసుబారి ముట్టుకుంటే పెచ్చులూడుతోంది. ప్లేటు మీద తయారైన నెల మే. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మంది తప్ప అందుకోలేదు. ట్యాంకు మీద, మూత పక్కన, గోటితో గీసినట్టు సన్నటి గీత. యార్డు కుర్రాడు బొటనవేలికి ఉమ్మి రాసి దాన్ని తుడిచి, "హోగ్తదె సార్" అన్నాడు, పోతుందని. పోలేదు.

అయిదు నెలలు ఎండావానల్లో నిలబెట్టిన బండికి కొత్త బండి రేటు కట్టాను. మేనేజర్‌తో మాట్లాడితే అతను అరవలేదు, బతిమాలలేదు. రెండే ముక్కలు చెప్పాడు. ఆయుధ పూజకు కావాలంటే ఇదే బండి, బ్యాటరీ మార్చి పాలిష్ పెట్టిస్తాం. వేరేది కావాలంటే ఆగస్టు లోడు 30 రాత్రి దిగుతుంది, కానీ ఒకటి, రెండు తేదీలు సెలవులు, రిజిస్ట్రేషన్ అయ్యి చేతికొచ్చేసరికి ఎనిమిదో తొమ్మిదో.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. ఆమె అప్పటికే టికెట్ చేయించుకుంది, బూడిద గుమ్మడికాయ కూడా కొనేసింది. బెంగళూరులో గుమ్మడికాయ దొరకదని ఆమె నమ్మకం. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గీత ఉన్నదాన్ని కొత్తదని ఎట్లా పూజ చేస్తార్రా" అంది. ఆగస్టు బండే రాయించాను. ఈసారి చాసిస్ నంబర్ చివరి ఆరు అంకెలు, దిగిన వెంటనే ఫోటో పంపాలని మెయిల్ పెట్టాను. మాట కాదు, మెయిల్. ఫోటో 30 రాత్రి పదకొండుకి వచ్చింది.

అక్టోబర్ 1. అమ్మ తెల్లారుజామున కె.ఆర్. పురంలో దిగింది, చంకలో సంచి, సంచిలో కాయ. వీధి వీధంతా అరటి పిలకలు కట్టిన ఆటోలు, కార్లు, టెంపోలు. నీళ్ల ట్యాంకరుకి కూడా బంతిపూల దండ. మా గేటు ముందు ఏమీ లేదు. టిఫిన్ అయ్యాక అమ్మ "ఎక్కడుందో అక్కడికే పోదాం పద" అంది.

యార్డులో ఆ రోజు కాపలా మనిషి ఒక్కడే. అమ్మ అతనితో తెలుగులో, అతను అమ్మతో కన్నడలో మాట్లాడుకుని, నేను చూస్తుండగానే గేటు తెరుచుకుంది. నలభై యాభై బండ్ల మధ్యలో నాది. ఫోటోలో నంబర్‌తో అంకె అంకె సరిచూసుకున్నాను, వేరేవాళ్ల బండికి పూజ చేస్తే బాగోదు కదా. ట్యాంకు మీద పసుపు బొట్లు వద్దులే, వాళ్లు కడిగేస్తారంటే, అమ్మ వంగి ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్స్ మధ్యలో వేలితో పసుపు పూసింది. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. బండి కదల్చకూడదు కాబట్టి ఆ నిమ్మకాయ తొక్కించలేదు. గుమ్మడికాయ యార్డు గేటు బయట కొట్టాం, కాపలా మనిషికి అరటిపళ్లు ఇచ్చి.

అప్పుడే సేల్స్ అబ్బాయి ఫోన్. "సార్, అమ్మగారు వచ్చారంట కదా. బండి ఇవాళ తీసుకెళ్లిపోండి, నంబర్ తర్వాత చూద్దాం." నోరూరింది, అబద్ధం చెప్పను. కానీ రిజిస్ట్రేషన్, కనీసం టెంపరరీది, లేకుండా డీలరు బండి చేతికివ్వకూడదు. దారిలో ఏమన్నా అయితే ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట అడిగేది అదే. వద్దన్నాను. అమ్మ 3న ఊరెళ్లిపోయింది, బండి ఎక్కకుండానే.

7న నంబర్ మెసేజ్ వచ్చింది, కేఏ 53. 9న డెలివరీ. అట్టముక్క తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు, స్వీటు పెట్టారు. నేను ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫిన్స్ మధ్య చూశాను. నిగనిగలాడేలా కడిగారు కానీ లోపల పసుపు అట్లాగే ఉంది. నా బండే. వీడియో కాల్‌లో అమ్మకి అదే చూపించాను. ట్యాంకులో పెట్రోలు బంకు దాకా వెళ్లేంతే పోస్తారు, అది తెలిసుండాలి. నాకు తెలీదు, సిగ్నల్ దగ్గరే రిజర్వ్‌కొచ్చింది.

హెచ్‌ఎస్‌ఆర్‌పీ ప్లేట్లు (హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్లు) మాత్రం లేవు. అవి బిగించే బండి ఇవ్వాలి. "ఎరడు దిన సార్" అన్నారు. రెండు రోజులు తొమ్మిది రోజులయ్యాయి. మధ్యలో రెండుసార్లు ఊరికే తిరిగాను, ఒకసారి ట్రాఫిక్ పోలీసు ఆపాడు. డిజిలాకర్‌లో ఆర్సీ, ప్లేటు తాలూకు రసీదు చూపిస్తే పొమ్మన్నాడు. 18న బిగించారు.

ఆ వారంలోనే సేల్స్ అబ్బాయి మళ్లీ అన్నా అన్నాడు. "అన్నా, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. పదికి పది చెప్పండన్నా. తొమ్మిదిచ్చినా మాకు సున్నా కింద లెక్క." ఆ ఫోన్ మీద ఇతని ఇన్సెంటివ్ ఉంటుందట. ప్లేట్లకు తిరుగుతున్నప్పుడు ఈ సంగతి తెలిసుంటే బాగుండేది. పదికి ఏడు ఇచ్చాను. టెస్ట్ రైడ్ రోజు కింద కూర్చుని నా కాళ్లు చూసినందుకు రెండు కలిపి.

ఇక సర్వీసు. 500 కిలోమీటర్లు లేదా 45 రోజులు, ఏది ముందైతే అది. నవంబర్ 15, శనివారం స్లాట్ దొరికింది, మీటరు మీద 470. ఉచితమంటే లేబరే ఉచితం. ఆయిలూ ఫిల్టరూ మనవే. సర్వీస్ అడ్వైజరు 1,500 అవుతుందని జాబ్ కార్డు మీద రాశాడు. వెనక బ్రేకు కీచుమంటోంది, రెండో గేరు నుంచి న్యూట్రల్ పడట్లేదు, ఈ రెండూ రాయించాను. ఆయిల్ పోసేటప్పుడు చూడొచ్చా అంటే లోపలికి అనుమతి లేదన్నాడు, లాంజ్‌లో టీవీ ఉంది, అందులో వర్క్‌షాప్ కనిపిస్తుందట. కనిపించింది, ఒక స్తంభమూ, ఒక మెకానిక్ వీపూ. పొద్దున తొమ్మిదిన్నరకి ఇస్తే "ఆగత్తె సార్, ఆగత్తె" (అయిపోతుంది) అంటూ సాయంత్రం ఆరున్నర చేశారు.

బిల్లు 2,290. చైన్ క్లీనింగ్ 340, పాలిష్ 450 కొత్తగా చేరాయి, నాకెవరూ ఫోన్ చేసి అడగలేదు. పాలిష్ చేశామన్న బండి మడ్‌గార్డు కింద పొద్దుటి దుమ్ము పొద్దున ఉన్నట్టే ఉంది. వేలు రాసి చూపించాను. తీసేశారు. చైన్ చేశారేమోలే అని 1,840 కట్టి వచ్చేశాను.

అదే తప్పు. ఇంటికొచ్చేలోపే చైన్ నుంచి గర్రుమని చప్పుడు. బిగదీసిన తీగలా ఉంది, వేలితో నొక్కితే కదలట్లేదు. ఆదివారం పొద్దున సెంటర్ స్టాండ్ వేసి ఆయిల్ చూసే అద్దం దగ్గర పడుకుని చూశాను. ఆయిల్ పై గీత కూడా దాటి అద్దమంతా నిండిపోయి ఉంది. బండి పక్కకి ఒరిగిందేమోనని సరిచేసి మళ్లీ చూశాను. అంతే ఉంది. ఆ రోజంతా టెన్షన్. రెండున్నర లక్షల బండి, అయిదు వందల కిలోమీటర్లు, అప్పుడే ఇంజిన్‌కి ఏమన్నా అవుతుందేమోనని కదల్చలేదు.

సోమవారం అడ్వైజర్‌కి ఫోన్ చేస్తే శనివారం స్లాట్ ఇస్తానన్నాడు. అద్దం ఫోటో, జాబ్ కార్డు ఫోటో కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. రెండు గంటల్లో వర్క్‌షాప్ మేనేజరే ఫోన్ చేసి బుధవారం పొద్దున రమ్మన్నాడు. బండి పక్కనే నిలబడతానన్నాను. ఒప్పుకున్నాడు. శనివారం లేని అనుమతి బుధవారం ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనడగలేదు.

ఇవాళ నా బండి చూసినతను మదనపల్లె మనిషి, యాభై దగ్గర్లో ఉంటాడు. అద్దం వైపు ఒకసారి చూసి నాలుక కరుచుకున్నాడు. "శనివారం ఒక్కొక్కరికి పదేసి బండ్లన్నా. పిల్లోళ్లు కొలత చూడకుండా పోసేస్తారు." డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి టీగ్లాసు కన్నా కాస్త ఎక్కువ ఆయిల్ పట్టాడు. బోల్టు బిగించి, ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపి, టీ తాగి వచ్చి మళ్లీ చూశాడు. రెండు గీతల మధ్య నిలబడింది. వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూస్తూ చైన్ సడలించాడు. మధ్యలో నా వేలు పెట్టించి పైకీ కిందికీ ఆడించి చూపించాడు. "రెండు వేళ్ల మందం ఆడాల. ఎవురన్నా బిగుతుగా ఉంటే మంచిదంటే వినొద్దు." బ్రేకు కీచు ప్యాడ్ల మధ్య మట్టి, ఊడదీసి గరుకు కాగితంతో రుద్దాడు. న్యూట్రల్ సంగతి క్లచ్ కేబుల్ దగ్గరే ఉంది. అన్నీ కలిపి నలభై నిమిషాలు, డబ్బు ఏమీ తీసుకోలేదు.

లేచేముందు గుడ్డతో ఇంజిన్ తుడుస్తూ ఫిన్స్ మధ్య ఆగాడు. గుడ్డ మడిచి కొసతో ఒకసారి రుద్ది, మానేశాడు.

"పసుపా అన్నా?"

అవునన్నాను. మా అమ్మ పెట్టిందన్నాను.

"ఇంజిన్ వేడికి పట్టేసింది. ఇంక పోదులే" అని గుడ్డ భుజాన వేసుకున్నాడు.